నీళ్ళు తగిలిన దిమ్మ

"పారిపోయేవాడు దగ్గుమందు వదిలేసి వెళ్తాడా మేడమ్?" అని అడిగింది ఫిర్దౌస్.

రోజారమణి బల్ల సొరుగులో దొరికిన సిరప్ సీసాను వెలుతురుకేసి పట్టి చూసింది. సీసా సగానికి పైగా ఖాళీ. మూత చుట్టూ కారిన మందు ఇంకా జిగటగానే ఉంది.

"మీ అన్నయ్యకి ఈ దగ్గు ఎప్పట్నించి?"

"ఈ స్లాగు పొడితో పని మొదలెట్టినప్పట్నించి. రెండుసార్లు పొడిగా దగ్గుతాడు, ఒక్క క్షణం ఆగుతాడు, తర్వాత గట్టిగా ఒక్కటి. ఎప్పుడూ అంతే. సందు మొదట్లో ఆ దగ్గు వినపడితే చాలు, అమ్మీ టీ పెట్టేస్తాది. మా ఇంటికి మనిషి కన్నా ముందు దగ్గొస్తాది మేడమ్." చెబుతూ చెబుతూ నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళొచ్చాయి.

ఫిర్దౌస్ అన్న ఆసిమ్ మాయమై అది మూడో రోజు. ఆటోనగర్‌లోని ఈ షెడ్డులో అతను ఇంజినీరు. సముద్రం కోసుకుపోతున్న ఒడ్డును కాపాడటానికి నీళ్ళ అడుగున పేర్చే రీఫు దిమ్మలు ఇక్కడ తయారవుతాయి. అచ్చు పోసేది మనుషులు కాదు, మిషను. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు దాని మూతిలోంచి ముద్ద దిగుతుంది, వరస మీద వరస పేరుస్తూ మనిషెత్తు దిమ్మ కడుతుంది. చేపలు దూరి గుడ్లు పెట్టుకోవడానికి వాటికి బొరియలు కూడా ఉంటాయి. అంతకన్నా విశేషం, ఆ ముద్దలో సిమెంటు చిటికెడు కూడా ఉండదు. ఉక్కు కొలిమిలో మిగిలిన స్లాగు, బూడిద, వాటిని గట్టిపరిచే క్షారపు నీళ్ళు, అంతే. సిమెంటు కాల్చేటప్పుడు గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువులో నాలుగో వంతు కూడా దీనికి పోదు. ఆ క్షారం పాళ్ళు కనిపెట్టింది ఆసిమ్. ఆఖరి పాళ్ళు ఎప్పుడూ తనే కలుపుతాడు, ఎక్కడా రాసిపెట్టడు. దానికోసం పెద్ద పెద్ద కంపెనీలు కాచుకుని కూర్చున్నాయి.

ఇప్పుడు కంపెనీ అంటున్నదేమిటంటే, ఆసిమ్ ఆ ఫార్ములా ఎవరికో అమ్ముకుని లాప్‌టాప్‌తో సహా ఉడాయించాడని. ఈ సాయంత్రం పోలీసు కంప్లయింటు. దాంతో అతను ఊరందరికీ దొంగ అవుతాడు. పారిపోయిన దొంగ కోసం వెతికే తీరు వేరు, ఆపదలో ఉన్న మనిషి కోసం వెతికే తీరు వేరు. ఆ తేడా తెలిసే అతని తల్లి మదీనా బీ నిన్న మద్దిలపాలెంలో రోజారమణి ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది.

డిటెక్టివ్ అనగానే కోటూ టోపీ ఊహించుకునేవాళ్ళకి రోజారమణిని చూస్తే నిరాశే. జిరాక్స్ షాపు మేడ మీద ఒక గది, ఒక స్కూటీ, ఎస్సై ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినా వదలని మొండితనం. ఆమె ఆస్తి అంతే. "నా కొడుకు బతికున్నాడో లేదో చెప్పు తల్లీ, తర్వాత దొంగో దొరో తేల్చుకోండి" అంది మదీనా బీ. ఆ మాట రోజారమణికి రాత్రంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"వచ్చేశావన్నమాట."

గుమ్మంలో శ్రీరామ్మూర్తి. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు ఈ కంపెనీకి సెక్యూరిటీ పెద్ద. ఒకప్పుడు రోజారమణి ఆయన కిందే పనిచేసింది. ఆయన రాసిన ఒక తప్పుడు కేసు డైరీ మీద సంతకం పెట్టనని ఎదురు తిరిగి, ఆ ఉద్యోగమే వదిలేసింది. ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"మీరే ఆలస్యంగా వచ్చారు సార్. తొమ్మిదింటికన్నారు."

"గోపాలపట్నంలో ఇంటికి నీళ్ళు కొట్టొచ్చేసరికి ఈ వేళయింది. పొద్దున్నా సాయంత్రం ఇదే డ్యూటీ." ప్యాంటు అంచులు తడిసి ఉన్నాయి. రుమాలుతో బూటు తుడుచుకుంటూ నవ్వాడాయన. "ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్లేదు పెద్దలు. సరే, ఏటి సంగతి? నా దగ్గర పని నేర్చుకున్న పిల్లవి, నా షెడ్డులోనే డిటెక్టివ్‌గిరీ మొదలెట్టావా?"

"నేర్పింది మీరే కదా సార్. ముందు టైమింగ్స్ అడగమనేవారు. చెప్పండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొన్న సాయంత్రం ఐదున్నరకి షిఫ్టు దిగింది. మేస్త్రీ నీలకంఠం, మిగతా వాళ్ళూ వెళ్ళిపోయారు. ఆసిమ్ ఒక్కడే ఉండిపోయాడు. ఆరుంబావుకి అతని బైకు గేటు దాటింది, కెమెరాలో ఉంది. ఆ బైకు రైల్వే స్టేషన్ స్టాండులో దొరికింది. ఫోన్ సిగ్నలూ స్టేషన్ దగ్గరే ఆగింది, డిపార్ట్‌మెంట్లో నా మనిషి కనుక్కుని చెప్పాడు. ఇంకేం కావాలి?"

"బైకు మీద మొహం కనిపించిందా?"

"హెల్మెట్ పెట్టుకున్నాడు. చట్టాన్ని గౌరవించే దొంగ."

"మీరెక్కడున్నారు?"

కుర్చీ కిర్రుమంది. "నన్ను అడుగుతన్నావా?"

"అందర్నీ అడుగుతున్నాను సార్."

"నా గదిలో. ఏడింటికి కారు నేనే నడుపుకుంటూ వెళ్ళిపోయాను. మా డ్రైవరు వాసు పనుందని ముందే పోయాడు. చాలా?"

"షెడ్డులో కెమెరా?"

"లేదు. ఫార్ములా బయటికి పోతాదని మీ ఆసిమే వద్దన్నాడు. ఇప్పుడు తెలిసింది కదా, ఎందుకొద్దన్నాడో."

ఫిర్దౌస్ ఏదో అనబోయింది. రోజారమణి చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇంకొక్కటి సార్. ఇక్కడి లాప్‌టాప్‌లన్నిటిలో ఒక చిప్పు బిగించారట. డైరెక్టరు అనుమతి లేకుండా గేటు దాటితే సైరన్ మోగుతుందట. మొన్న సాయంత్రం మోగిందా?"

"మోగలేదు."

"ఎందుకు మోగలేదు?"

"పీకేసి ఉంటాడు. దొంగకి దారులు బోలెడు."

"చిప్పు ఎక్కడ బిగించారో ఆసిమ్‌కి తెలుసా?"

శ్రీరామ్మూర్తి ఒక్క క్షణం తటపటాయించాడు. "ఇంజినీరు కదా, కనిపెట్టి ఉంటాడు."

ఆ తటపటాయింపు రోజారమణికి నచ్చలేదు. గేటు దాటని లాప్‌టాప్ షెడ్డులోనే ఉండాలి. షెడ్డంతా వెతికించానని ఆయన నిన్ననే ఫోనులో చెప్పాడు. ఆయన వెతికిస్తే వెతికినట్టా కాదా అన్నది వేరే ప్రశ్న.

"దిమ్మలు చూస్తాను" అంటూ లేచింది.

"తొందరగా చూసుకో. పన్నెండింటికి ట్రెయిలర్లొస్తాయి. పోర్టులో బార్జి పడవ కాచుకునుంది. రేపు పొద్దున్నకి ఇవన్నీ సముద్రంలో ఉంటాయి."

షెడ్డు వెనక భాగంలో దిమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి ప్లాస్టిక్ షీటులో చుట్టి ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలు: దిమ్మలకు నీళ్ళు కొట్టరాదు. మేస్త్రీ నీలకంఠం చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు. జీవితమంతా అలల్ని ఆపే బ్రేక్‌వాటర్లకి సిమెంటు దిమ్మలు పోసిన మనిషి. ఆసిమ్‌కీ అతనికీ పడేది కాదని ఇక్కడ అందరూ చెప్పారు.

"మీకూ ఆసిమ్‌కీ గొడవట కదా బాబాయ్?"

"గొడవ నేదని ఎందుకంతానమ్మా? ఉంది. అబ్బాయి నా మనవడి ఈడోడు, నన్నట్టుకుని ఇలా కాదు అలా అని సెప్పేవోడు. ఒళ్ళు మండీది. కానీ దొంగ మాత్రం కాదు. ఆ మాట ఎవుడన్నా నాను ఒప్పను."

"ఈ షీట్లు తీయండి."

ఒక్కొక్క దిమ్మ చూస్తూ వెళ్ళింది. అన్నీ లేత బూడిద రంగులో, అచ్చు వరసలు స్పష్టంగా కనబడుతూ, ఒకే పోలికలో ఉన్నాయి. ఆఖరి వరసలో గోడ మూలనున్న దిమ్మ దగ్గరికి వచ్చేసరికి షీటు లాగిన నీలకంఠం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

దిమ్మకి ఒక పక్కంతా తెల్లగా పూత పూసి ఉంది. ఉప్పు మడిలో గట్టు మీద పేరుకున్న ఉప్పులాగ. ఆ తెలుపు పైనుంచి ధారలు కట్టి కిందికి జారింది.

"ఇది నా పని కాదమ్మా." అతను షీటు కింద పడేశాడు. "నూకాలమ్మ తోడు, ఇది నా పని కాదు."

"ఎవరు అన్నారు మీ పనని?"

"నేనంటన్నాను." శ్రీరామ్మూర్తి వెనకనుంచి వచ్చాడు. "దీనికి నీళ్ళు కొట్టారు. ఈ షెడ్డులో నీళ్ళు కొట్టే అలవాటు ఎవరికుంది నీలకంఠం? ముందోసారి నువ్వేగా దిమ్మ పాడుచేసింది? ఆసిమ్‌తో గొడవా నీకే. మొన్న సాయంత్రం అందరి కన్నా వెనకాల వెళ్ళిందీ నువ్వేనట."

నీలకంఠం మొహం నల్లబడింది. పక్కనున్న పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అనుమానం అంటురోగం లాంటిది. ఒకరి కళ్ళలో మొదలైందంటే గదంతా పాకడానికి ఎంతోసేపు పట్టదు. ఫిర్దౌస్ కూడా ముసలాయనకేసి అదోలా చూసింది.

"ఆ ముందోసారి సంగతి చెప్పండి బాబాయ్" అంది రోజారమణి.

"సేరిన కొత్తలోనమ్మా. దిమ్మ దిగింది. సాయంత్రం ఇంటికి పోతా పోతా గోనెసంచి కప్పి, రెండు బకెట్లు నీళ్ళు కొట్టేసి పోయాను. సిమెంటుకి అదే కదా ప్రాణం. తెల్లారి వచ్చి సూస్తే ఇదిగో, ఇలాగే తెల్లగా. ఇది సిమెంటు కాదు తాతా, గట్టిపడకముందు నీళ్ళు తగిలితే లోపలి క్షారం బయటికొచ్చేత్తాదని ఆసిమ్ బాబు కేకలేశాడు. ఆ రోజే ఆ గోడ మీద రాయించాడు. అప్పట్నించి నాను తాగే నీళ్ళ సీసా కూడా బయటే పెడతన్నాను."

"ఇక్కడ పనిచేసే అందరికీ ఈ సంగతి తెలుసా?"

"సిన్నోడికీ పెద్దోడికీ తెలుసు. నీళ్ళు పోత్తే ఉద్యోగం ఊడిపోద్ది."

"అయితే ఇది ఇక్కడ పనిచేసేవాళ్ళు చేసింది కాదు." రోజారమణి శ్రీరామ్మూర్తి వైపు తిరిగింది. "దిమ్మకి నీళ్ళు కొట్టకూడదని తెలియనివాడు, సిమెంటుకి కొట్టాలని మాత్రం గట్టిగా తెలిసినవాడు. చేతి అలవాటుగా కొట్టేశాడు."

"ఊళ్ళో సగం మంది అలాంటోళ్ళే" అని నవ్వాడాయన.

"నిజమే సార్. కానీ సిమెంటే లేని దిమ్మని చూస్తే సిమెంటు గుర్తుకు రావడమేమిటి?"

ఆమె వంగి చూసింది. మిగతా దిమ్మలన్నిటికీ ఈ పక్క నడుమెత్తులో బిందె పట్టేంత బొరియ ఉంది. దీనికి లేదు. బొరియ ఉండాల్సిన చోట అచ్చు వరసలు కూడా లేవు, చేత్తో మెత్తినట్టు నున్నగా ఉంది. వేలి కణుపుతో కొట్టింది. చుట్టూ గట్టిగా పలికిన దిమ్మ అక్కడ మాత్రం బోలుగా పలికింది.

ఎవరో బొరియ మూసేశారు. మూసి, పైన నీళ్ళు కొట్టారు.

"దీన్ని పగలగొట్టాలి."

"కుదరదు." శ్రీరామ్మూర్తి గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "నువ్వు ప్రైవేటు మనిషివి రోజా. కంపెనీ సొత్తు మీద చెయ్యి వేస్తే నీ మీదే కేసు పెట్టిస్తా. ట్రెయిలర్లొచ్చే టైమైంది."

"మీకు భయమెందుకు సార్?"

"నాకు భయమా?" ఆయన ముందుకొచ్చాడు. "ఆరోజు సంతకం పెట్టకుండా హీరోయిన్‌వయ్యావు. ఏమైంది? జిరాక్స్ షాపు మీద కూర్చున్నావు. ఈసారి ఆ గది కూడా ఉండదు."

పాతికమంది పనివాళ్ళ ముందు ఆ మాట చురుక్కుమంది. రోజారమణికి కోపం నెత్తికెక్కింది. కానీ ఆ కోపాన్ని మాటల్లో ఖర్చు పెట్టకుండా, ఫోను తీసి నేరుగా డైరెక్టర్ ఉదయ్‌కుమార్‌కి వీడియో కాల్ చేసింది. ఆయన ఢిల్లీలో మీటింగులో ఉన్నాడు. తెల్లపూత పట్టిన దిమ్మ చూపించి, ఒకే ప్రశ్న అడిగింది. "ఇది ఇలాగే బార్జి ఎక్కితే, పోర్టులో తనిఖీ చేసేవాళ్ళు మిగతా దిమ్మల్ని ఒప్పుకుంటారా సార్?"

తెర మీద ఆయన ముందుకు వంగి ఆ తెలుపుని చూశాడు.

"అది ఒప్పుకునే సరుకు కాదు. పక్కన పెట్టించండి. పగలగొడతారో పారేస్తారో మీ ఇష్టం. మిగతావి మాత్రం ఆపొద్దు" అన్నాడు ఉదయ్‌కుమార్. ఆ మాట అందరికీ వినపడేలా ఆమె ఫోను ఎత్తి పట్టుకుంది.

శ్రీరామ్మూర్తి భుజాలెగరేశాడు. ఎంత తొందరగా మొహం మార్చుకున్నాడంటే, అంతకుముందు కోపం తను ఊహించుకుందేమో అనిపించింది రోజారమణికి. "కానీ మరి. నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఈలోగా కొంచెం టీ తాగుదాం. అన్నట్టు వచ్చే నెల పదకొండున గృహప్రవేశం, నువ్వు తప్పకుండా రావాలి. రంగులు కూడా అయిపోయాయి. లేత గులాబీ వేయించాం, మా ఆవిడ పట్టుబట్టింది."

ఆమె తల ఊపిందే గానీ వినలేదు. ఫిర్దౌస్‌నే చూస్తోంది. ఆ పిల్ల మూసిన బొరియ మీదనుంచి చూపు తిప్పడం లేదు. బిందె పట్టేంత చోటులో మనిషి పట్టడని రోజారమణికి తెలుసు. కానీ మనిషి తాలూకుదేదైనా పట్టవచ్చు. అది ఈ పిల్ల కంట పడకూడదు.

"నువ్వు ఇంటికెళ్ళమ్మా. మీ అమ్మ ఒక్కతే ఉంది. ఏం తేలినా నేనే ఫోన్ చేస్తాను."

"నేను వెళ్ళను మేడమ్."

"నా మాట విను."

"పాపం, ఆడపిల్ల, ఒక్కతే ఆటోలో ఎలా వెళ్తాది?" శ్రీరామ్మూర్తి మెత్తగా అన్నాడు. "వాసూ, కారు తియ్యి. ఈ అమ్మాయిని వన్‌టౌన్‌లో వాళ్ళింటి దగ్గర దింపేసిరా."

"సరే సార్" అన్నాడు గుమ్మంలో నిలబడిన వాసు. సన్నటి మనిషి, కళ్ళు ఎప్పుడూ నేల మీదే ఉంటాయి.

రోజారమణే ఫిర్దౌస్‌ని భుజం పట్టుకుని కారుదాకా నడిపించింది. డోరు కూడా తనే వేసింది.

గట్టిపడిన ఆ మూత అంత తేలిగ్గా లొంగలేదు. నీలకంఠం ఉలి పెట్టి, సుత్తితో ఒడుపుగా అంచులు కొడుతూ పోయాడు. మొదట దిమ్మ అంచునుంచి ఒక పెచ్చు ఊడింది. దాని లోపలి రంగు చూసి రోజారమణి ఆశ్చర్యపోయింది. ముదురు పచ్చ, కొంచెం నీలం కలిసిన నాచు రంగు.

"స్లాగుదమ్మా ఆ రంగు" అన్నాడు నీలకంఠం. "గాలి తగిల్తే తెల్లబడిపోద్ది. లోపల మాత్రం ఇలాగే ఉంతాది."

తర్వాత మూత ముక్క ఊడింది. అందులో పచ్చా లేదు, నీలమూ లేదు. ఉత్త బూడిద రంగు. మేస్త్రీ దాన్ని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, తలెత్తాడు.

"సిమెంటు."

"ఇక్కడ సిమెంటు ఉంటుందా?"

"ఈ గేటు లోపలికి ఒక్క బస్తా రానివ్వడమ్మా ఆసిమ్ బాబు. ఎవుడో బయట్నించి అట్టుకొచ్చాడు."

ఇంకో అరగంట దెబ్బల తర్వాత మూత మొత్తం లోపలికి కూలింది. రోజారమణి చేతికి గ్లౌజు తొడుక్కుని బొరియలోకి చెయ్యి పెట్టింది. నల్ల ప్లాస్టిక్ కవరు తగిలింది. మెల్లగా బయటికి లాగింది.

కవర్లో ఒక లాప్‌టాప్, ఒక ఫోను ఉన్నాయి. ఫోను వెనక పగిలిన అద్దానికి ఎవరో వేసిన చెమ్కీ స్టిక్కరు. అది ఫిర్దౌస్ అంటించిందని మదీనా బీ నిన్ననే చెప్పింది.

పనివాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. రోజారమణికీ ఒళ్ళు తేలికైంది. చావు కాదు. ఇంకా కాదు. మర్నాటికి ఈ రెండూ సముద్రం అడుగున చేరి ఉండేవి. చేపలు వాటి మీద గుడ్లు పెట్టుకునేవి. ఆసిమ్ మాత్రం ఒడ్డున ఎప్పటికీ దొంగగానే మిగిలిపోయేవాడు.

"చూశావా?" అన్నాడు శ్రీరామ్మూర్తి. "వాడే దాచి పోయాడు. తర్వాతెప్పుడో వచ్చి తీసుకుందామని."

"సముద్రంలో మునిగే దిమ్మలోనా సార్?"

ఆయన బొరియలోకి తొంగి చూశాడు.

"పోనీ, ఇది చెప్పండి." ఆమె ఫోను ఎత్తి చూపించింది. "ఇది ఇక్కడే ఉంటే, సిగ్నల్ రైల్వే స్టేషన్ దగ్గర ఎలా ఆగింది?"

శ్రీరామ్మూర్తి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నా మనిషి పొరపాటు పడుంటాడు. కనుక్కుని వస్తా" అంటూ సెల్లు తీసుకుని బయటికి నడిచాడు. మామూలుగానే నడిచాడు. గుమ్మం దాటాక మాత్రం అడుగులు వేగమయ్యాయి.

రోజారమణి మూత ముక్కని చేతిలో తిప్పుతూ నిలబడిపోయింది. ఆయన అబద్ధమాడాడు, అది తేలిపోయింది. కానీ ఆసిమ్ ఏడి? చంపేసే ఉద్దేశమే ఉంటే ఇంత తతంగం దేనికి? లాప్‌టాప్‌లో ఫార్ములా దొరికి ఉండదు. అది ఆసిమ్ బుర్రలో ఉంది. బుర్రలో ఉన్నది కావాలంటే మనిషి బతికుండాలి. ఏడింటికి గేటు దాటిన సెక్యూరిటీ పెద్ద కారుని ఎవరు ఆపి చూస్తారు? ఆరుంబావుకి హెల్మెట్‌తో బైకు నడిపింది ముందే పోయిన ఆ డ్రైవరే అయితే?

"ఎవుడైనా గానీ, ఇల్లు కట్టినోడమ్మా" అన్నాడు నీలకంఠం సుత్తి కింద పెడుతూ. "కొత్తగా ఇల్లు కట్టినోడికి సిమెంటు కనబడితే సాలు, సెయ్యి ఆగదు, నీళ్ళు కొట్టేత్తాడు. రంగులేసీదాకా అదే పిచ్చి."

"రంగులేసిన తర్వాత?"

"రంగులేసినాక నీళ్ళెవుడు కొడతాడమ్మా? ఏసిన రంగు పాడైపోదా?"

రోజారమణి చేతిలోని సిమెంటు ముక్క జారి కిందపడింది.

పొద్దున్నా సాయంత్రం ఇదే డ్యూటీ. తడిసిన ప్యాంటు అంచులు. లేత గులాబీ రంగు. రంగులేసిన ఇంట్లో పూట పూటకీ ఏ కొత్త గోడకి నీళ్ళు కొడుతున్నాడు? ఆ గోడ వెనక ఎవరున్నారు? బుర్రలో ఉన్నది నోటితో చెప్పని మనిషి చేత చెప్పించాలంటే, అతని ఎదురుగా ఎవర్ని తెచ్చి నిలబెట్టాలి?

కారు డోరు తనే వేసింది.

ఫిర్దౌస్ నంబరు నొక్కింది. నాలుగు రింగులయ్యాక ఎత్తింది.

"ఎక్కడున్నావమ్మా?"

"గోపాలపట్నంలో మేడమ్. ఇటు తిప్పాడేటని అడిగితే, సార్ కొత్తింట్లో చిన్న పనుంది, ఐదు నిమిషాలన్నాడు డ్రైవరు. ఎండగా ఉంది, కారులో వద్దు, లోపల కూర్చోమన్నాడు."

"ఫిర్దౌస్, నా మాట విను. లోపలికి వెళ్ళొద్దు."

"హాల్లోనే ఉన్నాను మేడమ్. ఇంకా ఎవరూ దిగలేదు ఇక్కడ, అంతా రంగు వాసనే. ఒక పక్క మాత్రం గోడ తడిగా…"

మాట ఆగిపోయింది. ఫోనులోంచి ఖాళీ ఇంటి ప్రతిధ్వని వినిపించింది. ఆ ప్రతిధ్వనిలో, దూరంగా, ఇటుకల వెనకనుంచి వచ్చినట్టు, రెండుసార్లు పొడిదగ్గు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గట్టిగా ఇంకొకటి.

"భాయ్‌జాన్" అంది ఫిర్దౌస్. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"బయటికి పరుగెత్తు" అని అరిచింది రోజారమణి. అవతల తలుపు గడియ పడిన చప్పుడు, ఫోను నేల మీద పడిన చప్పుడు వరసగా వినిపించి, లైను తెగిపోయింది.

ఆమె తలెత్తింది. షెడ్డు గుమ్మంలో శ్రీరామ్మూర్తి నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఆయన చెవి దగ్గరా ఫోను ఉంది.

"గడియ వేశావు కదా వాసూ?" అన్నాడు ఆయన మెల్లగా.